చైనాలో రాష్ట్ర రాజధాని అంటే ఏమిటి? ‘ఎ’ నంబరు ప్లేటు వెనకున్న లెక్క

చైనాలో కారు నంబరు ప్లేటు ఒక చైనా అక్షరంతో మొదలవుతుంది. అది రాష్ట్రానికి గుర్తు. దాని పక్కనే ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది, అది ఊరికి గుర్తు. సిచువాన్ గుర్తు పక్కన ‘ఎ’ ఉంటే ఆ బండి చెంగ్డూది, ‘బి’ ఉంటే మియాన్‌యాంగ్‌ది. షాన్‌డాంగ్‌లో ‘ఎ’ జినాన్, ‘బి’ చింగ్‌డావో. గ్వాంగ్‌డాంగ్‌లో ‘ఎ’ గ్వాంగ్‌జౌ, ‘బి’ షెన్‌జెన్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ 09 కనబడగానే హైదరాబాద్ బండి అని గుర్తుపట్టినట్టే, అక్కడ ‘ఎ’ కనబడితే రాజధాని బండి అని తెలిసిపోతుంది.

మనలో చాలామందికి చైనా రాష్ట్ర రాజధాని ఒకటి బాగా పరిచయమైంది 2020 జనవరిలో. హుబెయ్ రాజధాని వుహాన్‌ను ఆ నెల 23న మూసేశారు, ఏప్రిల్ 8 దాకా తెరవలేదు. చదువుకో, శిక్షణకో వెళ్లి అక్కడ చిక్కుకుపోయిన తెలుగువాళ్లు కూడా ఎయిరిండియా విమానాల్లో వెనక్కి వచ్చారు. కోటీ ఇరవై లక్షల మందికి పైగా ఉన్న ఆ ఊరు బెజింగ్ కాదు, షాంఘై కాదు. మరి అంత పెద్దదెలా అయింది? దాన్ని మూస్తే దేశం మధ్యభాగమంతా ఎందుకు స్తంభించింది? ఈ ప్రశ్నలకు జవాబు చైనా పాలనలో ‘రాజధాని’ అనే మాటకున్న బరువులో దొరుకుతుంది.

ఎన్ని రాష్ట్రాలు, ఎన్ని రాజధానులు

చైనా ప్రభుత్వ పాలనలో 22 ప్రావిన్సులున్నాయి. తైవాన్‌ను కూడా కలిపి 23 అని చైనా చెబుతుంది కానీ తైవాన్‌ను పాలించేది తైపేలోని వేరే ప్రభుత్వం. వీటితోపాటు టిబెట్, షిన్‌జియాంగ్, ఇన్నర్ మంగోలియా, గ్వాంగ్‌షీ, నింగ్‌షియా అనే 5 స్వయంపాలిత ప్రాంతాలున్నాయి. బెజింగ్, షాంఘై, తియాన్‌జిన్, చోంగ్‌చింగ్ అనే 4 నగరాలు నేరుగా కేంద్రం కింద ఉంటాయి. హాంకాంగ్, మకావూల దారి వేరు. అంటే రాజధాని ఉన్నవి 27: ప్రావిన్సులవి 22, స్వయంపాలిత ప్రాంతాలవి 5. మొదటి రకాన్ని చైనా భాషలో షెంగ్‌హుయ్ అంటారు, రెండో రకాన్ని షౌఫు అంటారు.

ప్రావిన్సును ఇక్కడ రాష్ట్రం అంటున్నాను కానీ, మన రాష్ట్రానికీ దానికీ పెద్ద తేడా ఉంది. మనకు రాజ్యాంగం రాష్ట్రాలకంటూ కొన్ని అధికారాలు పంచి ఇచ్చింది. ఓటర్లు ఎన్నుకున్న శాసనసభ ఉంది. చైనాలో రాష్ట్రం అనేది కేంద్రం చేతికింద ఉండే ఒక పాలనా మెట్టు. పై స్థాయి నాయకులను కమ్యూనిస్టు పార్టీ కేంద్ర నాయకత్వమే వేస్తుంది, మారుస్తుంది. అందుకే అక్కడ రాష్ట్ర రాజధాని రెండు పనులు చేస్తుంది. రాష్ట్రానికి తలకాయ అదే, బెజింగ్ ఆ రాష్ట్రాన్ని పట్టుకునే పిడీ అదే.

నల్గొండ జిల్లా అంత ‘నగరం’

చైనా ఊళ్ల గురించి చదివేటప్పుడు అందర్నీ తికమక పెట్టేది ‘షి’ అనే మాట. దాన్ని నగరం అని అనువదిస్తారు. నిజానికి చాలాచోట్ల అది మన జిల్లా లాంటిది. అందులో అసలు పట్టణం ఉంటుంది, దాని చుట్టూ చిన్న పట్టణాలు, మండలాల వంటివి, పల్లెలు, పొలాలు, కొండలూ ఉంటాయి.

చెంగ్డూనే చూడండి. దాని విస్తీర్ణం 14,300 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. దాదాపు మన పాత ఉమ్మడి నల్గొండ జిల్లా అంత. 2020 జనగణనలో జనాభా 2.09 కోట్లు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో లీ బింగ్ అనే అధికారి కట్టించిన దూజియాంగ్‌యాన్ కాలవల వ్యవస్థ ఈ ‘నగరం’ హద్దుల్లోనే ఉంది. నదికి అడ్డంగా ఆనకట్ట కట్టకుండా, ప్రవాహాన్ని రెండుగా చీల్చి ఒక పాయను పొలాలకు మళ్లించిన పని అది. ఇప్పటికీ చెంగ్డూ మైదానానికి నీళ్లిస్తోంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలవ కింద పొలం ఉన్నవాళ్లకు, ఆ ఒక్క పాయ ఒక రాజధానిని రెండు వేల ఏళ్లకు పైగా ఎలా నిలబెట్టిందో విడమరచి చెప్పక్కర్లేదు.

చోంగ్‌చింగ్ సంగతి ఇంకా తికమక. ‘ప్రపంచంలోకెల్లా పెద్ద నగరం, 3.2 కోట్ల జనాభా’ అని వీడియోలు తిరుగుతుంటాయి. 1997 దాకా అది సిచువాన్‌లో భాగం. ఆ ఏడాది దాన్ని విడదీసి నేరుగా కేంద్రం కింద పెట్టారు. విస్తీర్ణం 82,400 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో నాలుగింట మూడు వంతులు. అందులో పల్లె జనం లక్షల్లో ఉన్నారు. కాబట్టి 3.2 కోట్లు అనే అంకె తప్పు కాదు గానీ, దాని పక్కన హైదరాబాద్ జనాభానో టోక్యో జనాభానో పెట్టి పోల్చడం తప్పు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే చైనా నగరాల గురించి వచ్చే వింత అంకెల్లో సగం విడిపోతాయి.

కుర్చీల్లో ఎక్కువ తక్కువలు

ఊరికి మేయర్ ఉంటాడు. ఆయన పైన ఆ ఊరి పార్టీ కార్యదర్శి ఉంటాడు. రాజధాని ఊరి పార్టీ కార్యదర్శికి సాధారణంగా రాష్ట్ర పార్టీ స్థాయీ సంఘంలో, అంటే రాష్ట్రంలో పెద్ద నిర్ణయాలు తీసుకునే చిన్న బృందంలో చోటుంటుంది. ఆ రాష్ట్రంలోని మామూలు ఊళ్ల కార్యదర్శులకు ఆ బల్ల దగ్గర కుర్చీ దొరకడం అరుదు. కొత్త రైలు మార్గం ఎటు వెళ్లాలి, ప్రభుత్వ నిధులతో కట్టే ఆస్పత్రి ఎక్కడ రావాలి అనే మాట వచ్చినప్పుడు రాజధాని తరఫు మనిషి గదిలోనే ఉంటాడన్నమాట.

దీనిపైన ఇంకో మెట్టు ఉంది. దేశంలో 15 నగరాలకు ‘ఉప రాష్ట్ర స్థాయి’ హోదా ఉంది. ఈ ఏర్పాటు 1994 నాటిది. హోదా ఉన్న ఊళ్ల మేయర్ ర్యాంకులో రాష్ట్ర ఉప గవర్నర్‌తో సమానం. ఆ పదిహేనులో పది రాజధానులే: గ్వాంగ్‌జౌ, వుహాన్, చెంగ్డూ, షియాన్, నాన్‌జింగ్, హాంగ్‌జౌ, జినాన్, షెన్‌యాంగ్, చాంగ్‌చున్, హార్బిన్. మిగతా 17 రాజధానులకు ఈ హోదా లేదు.

ఇక ఆ పదిహేనులో మిగిలిన అయిదూ రాజధానులు కావు: షెన్‌జెన్, చింగ్‌డావో, దాలియన్, నింగ్‌బో, షియామెన్. ఈ అయిదూ రేవు పట్టణాలు. ఆదాయం లెక్కను చాలావరకు రాష్ట్రంతో పని లేకుండా నేరుగా కేంద్రంతోనే తేల్చుకుంటాయి. నంబరు ప్లేట్లు చూస్తే ఒక్క షియామెన్ తప్ప నాలుగూ ‘బి’ ఊళ్లే.

రైలు తెచ్చిపెట్టిన రాజధానులు

రాజధానులు అనాదిగా ఉన్నచోటే ఉన్నాయనుకుంటాం. కొన్నింటి విషయంలో అది నిజమే. చెంగ్డూ పేరు కూడా మారకుండా 2,300 ఏళ్లుగా ఉంది. షాన్షీ రాజధాని షియాన్ పాత పేరు చాంగాన్. అది ఒకప్పుడు హాన్, తాంగ్ వంశాల రాజధాని. మన పాఠ్యపుస్తకాల్లో కనబడే హ్యుయాన్‌త్సాంగ్ అక్కణ్నుంచే బయల్దేరి 7వ శతాబ్దంలో భారతదేశమంతా తిరిగాడు. వేంగికి, ధాన్యకటకానికి, అంటే ఇప్పటి అమరావతి ప్రాంతానికి కూడా వచ్చాడు. 645లో చాంగాన్‌కు తిరిగి వెళ్లాడు. ఆయన మోసుకెళ్లిన గ్రంథాలను భద్రపరచడానికి 652లో కట్టిన గోపురం షియాన్‌లో ఇవాళ్టికీ ఉంది. ఒక రాజధాని నుంచి మన కృష్ణా తీరానికి పడిన అడుగుజాడ అది.

నా మనసును ఎక్కువ పట్టుకున్నవి మాత్రం రైలు పట్టాలు పడ్డాక తలరాత మారిన ఊళ్లు. హెనాన్ రాష్ట్రానికి చాలాకాలం కైఫెంగ్ రాజధాని. అది 960 నుంచి 1127 దాకా సాంగ్ వంశపు సామ్రాజ్య రాజధాని కూడా. 20వ శతాబ్దం మొదట్లో ఉత్తర దక్షిణాలుగా బెజింగ్–హాంకౌ (ఇప్పుడు వుహాన్‌లో భాగం) లైను, తూర్పు పడమరలుగా లాంగ్‌హాయ్ లైను పడ్డాయి. రెండూ కలిసింది కైఫెంగ్‌లో కాదు, దానికి పడమర దిక్కునున్న జెంగ్‌జౌలో. 1954లో రాజధాని కూడా జంక్షన్ ఉన్న ఊరికే వెళ్లిపోయింది. ఇప్పుడు జెంగ్‌జౌ నుంచి హైస్పీడ్ రైళ్లు ఎనిమిది దిక్కులకూ వెళ్తాయి. చైనా భాషలో బియ్యాన్ని సూచించే అక్షరంలో నడుమ నుంచి నలువైపులకూ, నాలుగు మూలలకూ గీతలుంటాయి. ఆ రైలు మార్గాల పటాన్ని అక్కడివాళ్లు ‘బియ్యం అక్షరం’ అనే పిలుస్తారు.

షిజియాజువాంగ్ కథ ఇంకా చిత్రం. ఆ పేరుకు అర్థమే ‘షి ఇంటివాళ్ల పల్లె’. మన వైపు ఇంటిపేరు మీద వెలిసిన పాలేల్లాంటిది. బెజింగ్–హాంకౌ లైను నుంచి పడమరకు, తాయ్‌యువాన్ దాకా ఇంకో లైను వెయ్యాలనుకున్నారు. మొదట అది పాతకాలపు పెద్ద ఊరు జెంగ్‌డింగ్ నుంచి బయల్దేరాలి. కానీ అక్కణ్నుంచి వేస్తే హూటో నది మీద వంతెన కట్టాలి, ఖర్చు. అందుకని నదికి దక్షిణాన ఉన్న ఈ పల్లె దగ్గర కలిపారు. 1907లో లైను పూర్తయింది. పల్లె పట్నమైంది. హెబెయ్ రాజధాని బావోడింగ్ నుంచి తియాన్‌జిన్‌కు, మళ్లీ బావోడింగ్‌కు తిరిగి, చివరికి 1968లో ఇక్కడికి చేరింది. కట్టని వంతెన ఒకటి రాజధానిని పుట్టించింది. జెంగ్‌డింగ్ ఇప్పుడు షిజియాజువాంగ్ కింద ఒక కౌంటీ, అంటే ‘షి’ కింద ఉండే చిన్న పాలనా భాగం.

ఇలాగే జీలిన్ రాష్ట్రానికి జీలిన్ అనే ఊరే ఒకప్పుడు రాజధాని. 1954లో చాంగ్‌చున్‌కు మార్చారు. రాష్ట్రం పేరూ ఊరి పేరూ ఒకటే అయినా జీలిన్ ఊరి బండ్ల మీద ఇప్పుడు ‘బి’ ఉంటుంది.

‘బలమైన రాజధాని’ అంటే ఏమిటి, ఎలా కొలుస్తారు

ఈ పదిహేను ఇరవై ఏళ్లలో చైనా రాష్ట్ర ప్రభుత్వాల నోట ఎక్కువగా వినబడుతున్న మాట ‘చియాంగ్ షెంగ్‌హుయ్’, అంటే బలమైన రాజధాని. రాష్ట్రంలో డబ్బునూ భూమినీ మనుషులనూ ఒకచోట పోగేసి, ఆ ఒక్క ఊరిని దేశంలోని పెద్ద నగరాల వరసలో నిలబెట్టాలనే ఆలోచన అది. దీన్ని కొలవడానికి ఒక తేలికైన లెక్క వాడతారు: రాష్ట్రం మొత్తంలో రాజధాని వాటా ఎంత?

2020 జనగణనతో చేసి చూద్దాం. చింగ్‌హాయ్ రాష్ట్ర జనాభా 59 లక్షలు, రాజధాని షినింగ్ జనాభా 25 లక్షలకు కొంచెం తక్కువ. వాటా 42 శాతం. జీలిన్ రాష్ట్రంలో 2.41 కోట్లు, చాంగ్‌చున్‌లో 91 లక్షలు. వాటా 38 శాతం. సిచువాన్‌లో 8.37 కోట్లు, చెంగ్డూలో 2.09 కోట్లు. సరిగ్గా పాతిక శాతం. జియాంగ్సులో 8.47 కోట్లు, నాన్‌జింగ్‌లో 93 లక్షలు. 11 శాతం. షాన్‌డాంగ్‌లో 10.15 కోట్లు, జినాన్‌లో 92 లక్షలు. 9 శాతమే.

చాంగ్‌చున్, నాన్‌జింగ్, జినాన్ మూడూ జనాభాలో ఇంచుమించు సమానం. అయినా ఒకటి తన రాష్ట్రంలో మూడో వంతుకు పైగా మోస్తోంది, ఇంకోటి పదో వంతు కూడా మొయ్యడం లేదు. ఊరి సైజు చూసి రాజధాని బలాన్ని చెప్పలేం, రాష్ట్రం పక్కన పెట్టి చూడాలి.

డబ్బు లెక్కలో తేడా ఇంకా పెరుగుతుంది. 2023లో సిచువాన్ స్థూల ఉత్పత్తి దాదాపు 6 లక్షల కోట్ల యువాన్లు. అందులో చెంగ్డూది 2.2 లక్షల కోట్లు. రెండో స్థానంలో ఉన్న మియాన్‌యాంగ్‌ది 40 వేల కోట్ల చిల్లర. జనాభాలో పాతిక శాతం ఉన్న ఊరు డబ్బులో మూడో వంతు దాటింది, రెండో ఊరికి అయిదు రెట్లు ఉంది.

హెఫెయ్: పెరిగిందా, పెంచారా?

అన్హుయ్ రాజధాని హెఫెయ్ ఈ చర్చలో ప్రతివాళ్లూ చెప్పే ఉదాహరణ. 1952లో యాంగ్జీ ఒడ్డున ఉన్న ఆన్‌చింగ్‌ను కాదని దీన్ని రాజధాని చేశారు. 1970లో బెజింగ్ నుంచి ఒక పెద్ద సైన్సు విశ్వవిద్యాలయం ఇక్కడికి తరలింది. 2008లో నగర ప్రభుత్వం తన డబ్బును డిస్‌ప్లే తెరలు చేసే బీఓఈ కంపెనీ ప్లాంటులో పెట్టింది. 2020లో విద్యుత్ కార్ల కంపెనీ నియో డబ్బుల్లేక కటకటలాడుతున్నప్పుడు 700 కోట్ల యువాన్లు పెట్టడానికి ముందుకొచ్చింది. పరిశ్రమను రప్పించడానికి ప్రభుత్వమే వాటాదారుగా దిగే ఈ పద్ధతిని మిగతా ఊళ్లు చూసి నేర్చుకున్నాయి.

ఇప్పుడు అంకెల్లోకి వెళ్దాం. 2010లో హెఫెయ్ జనాభా 57 లక్షలు, 2020లో 93.7 లక్షలు. 64 శాతం పెరిగిందని రాసెయ్యొచ్చు. కానీ నడుమ 2011లో ఒకటి జరిగింది. పక్కనున్న చావోహు అనే జిల్లా స్థాయి నగరాన్ని రద్దు చేసి మూడు ముక్కలు చేశారు. ఒక ముక్క హెఫెయ్‌కు, మిగతావి వూహూ, మాన్‌షాన్‌లకు ఇచ్చారు. దాంతో 17 లక్షలకు పైగా జనం ఎక్కడికీ కదలకుండానే రాజధాని వాసులైపోయారు. కొత్త హద్దులతో 2010 జనాభాను మళ్లీ లెక్కిస్తే 74.6 లక్షలు. అంటే అసలు పెరుగుదల 26 శాతం. అది కూడా తక్కువేం కాదు, ఆ పదేళ్లలో అంత పెరిగిన ఊళ్లు ఎక్కువ లేవు. కాకపోతే 64కూ 26కూ మధ్య ఉన్నది కాగితం మీద గీసిన గీత.

ఇదే పని మిగతాచోట్లా జరిగింది. చెంగ్డూ 2016లో జియాన్‌యాంగ్‌ను తీసుకుంది. జినాన్ 2019లో లైవూను మొత్తం కలిపేసుకుంది. చాంగ్‌చున్ 2020లో గోంగ్‌జూలింగ్‌ను తీసుకుంది. కాబట్టి చైనా రాజధానుల జనాభా ఎదుగుదల చదివినప్పుడల్లా ముందు అడగాల్సింది, హద్దులు అవేనా అని.

రాజధానిని మించిన ఊళ్లు

‘ఎ’ ప్లేటు ఉన్న ఊరే రాష్ట్రంలో ధనిక ఊరు కావాలని లేదు. గ్వాంగ్‌డాంగ్‌లో షెన్‌జెన్, షాన్‌డాంగ్‌లో చింగ్‌డావో, లియావోనింగ్‌లో దాలియన్, హెబెయ్‌లో ఉక్కు ఊరు తాంగ్‌షాన్, ఇన్నర్ మంగోలియాలో బొగ్గు ఊరు ఓర్డోస్ ఉత్పత్తిలో తమ రాజధానులను దాటేశాయి. రేవు ఉన్నచోట, గని ఉన్నచోట ప్రభుత్వ హోదా లేకపోయినా డబ్బు చేరింది.

వీటన్నిట్లో జియాంగ్సు తీరు వేరు. 2023లో సుజౌ ఉత్పత్తి 2.46 లక్షల కోట్ల యువాన్లు, రాజధాని నాన్‌జింగ్‌ది 1.74 లక్షల కోట్లు. ఈ రాష్ట్రంలో 13 పెద్ద ఊళ్లున్నాయి, ఎవరి ఆత్మాభిమానం వాళ్లదే. చైనా నెటిజన్లు దీన్ని ‘విడివిడిగా అమ్మే జియాంగ్సు’ అంటారు, ప్యాకెట్టుగా కట్టని సరుకులా. 2025లో ఈ 13 ఊళ్ల మధ్య ఫుట్‌బాల్ లీగ్ పెడితే స్టేడియాలు నిండిపోయాయి. ఆడినవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగులు, విద్యార్థులు. నాన్‌జింగ్, నాన్‌టాంగ్ రెండు పేర్లూ ‘నాన్’తోనే మొదలవుతాయి కదా, ఆ రెండు జట్ల పోటీ వచ్చేసరికి ‘అసలు నాన్ ఎవరు’ అనేదే పెద్ద చర్చ. రాజధాని పెద్దరికాన్ని అంత ధైర్యంగా ప్రశ్నించే రాష్ట్రం చైనాలో అరుదు. ఆ రాష్ట్రం దేశంలో రెండో పెద్ద ఆర్థిక వ్యవస్థ అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ల్హాసా, ఉరుమ్చి: రాజధానికి ఇంకో ముఖం

స్వయంపాలిత ప్రాంతాల్లో ప్రభుత్వాధ్యక్షుడు ఆ ప్రాంతపు జాతికి చెందినవాడై ఉండాలని చట్టం చెబుతుంది. టిబెట్‌లో టిబెటన్, షిన్‌జియాంగ్‌లో ఉయ్‌ఘర్. అసలు అధికారం ఉన్న పార్టీ కార్యదర్శి పదవి మాత్రం ఎక్కువగా దేశంలో అత్యధికులైన హాన్ జాతి చైనీయులకే వెళ్తోంది. 2006లో షినింగ్ నుంచి ల్హాసాకు 1,956 కిలోమీటర్ల రైలు మార్గం పూర్తయింది. సరుకు, పర్యాటకులు, వైద్యం, ఉద్యోగాలు వచ్చాయని ప్రభుత్వం అంటుంది. అదే రైలు బయటి జనాన్నీ బలగాలనూ తెచ్చి, తమ నగరంలో తమ భాషకూ మతానికీ చోటు తగ్గించిందని ప్రవాసంలోని టిబెటన్లు అంటారు. షిన్‌జియాంగ్ మొత్తంలో ఉయ్‌ఘర్లు అతిపెద్ద జాతి. రాజధాని ఉరుమ్చిలో మాత్రం హాన్ చైనీయులే ఎక్కువ. ఇక్కడ రాజధాని వాటా శాతం చూసి మంచిచెడులు తేల్చలేం. ఆ ఊరు ఎవరి ఊరు అనేదే తగాదా.

పీల్చేస్తోందా, నిలబెడుతోందా

బలమైన రాజధాని కావాలనేవాళ్ల వాదన ఇది. లోతట్టు రాష్ట్రాల కుర్రాళ్లు చదువైపోగానే షాంఘైకో షెన్‌జెన్‌కో వెళ్లిపోతున్నారు. వాళ్లను ఆపగలిగేది సొంత రాష్ట్రంలో ఒక పెద్ద నగరం ఉంటేనే. మంచి ఆస్పత్రి, విశ్వవిద్యాలయం, విదేశీ విమానాలు దిగే ఎయిర్‌పోర్టు పది ఊళ్లకు తలా ఒకటి ఇవ్వలేం. చెంగ్డూ లేకపోతే ఆ జనం మియాన్‌యాంగ్‌లో ఉండేవాళ్లు కారు, సిచువాన్ దాటి పోయేవాళ్లు.

కాదనేవాళ్లు ‘సైఫన్’ అనే మాట వాడతారు. గొట్టం ఒక కొస తొట్టిలో, ఇంకో కొస కిందికి పెట్టి ఒక్కసారి పీలిస్తే చాలు, ఇక నీళ్లు వాటంతటవే పోతుంటాయి. హైస్పీడ్ రైలు వచ్చాక చిన్న ఊళ్ల డాక్టర్లు, టీచర్లు, దాచుకున్న డబ్బుతో ఇల్లు కొనుక్కునే కుటుంబాలు రాజధానికి అలాగే జారిపోతున్నారని వాళ్ల బాధ.

జీలిన్ అంకెలను రెండు పక్షాలవాళ్లూ వాడుకుంటారు. 2010 నుంచి 2020 దాకా రాష్ట్రం 34 లక్షల మందిని కోల్పోయింది. చాంగ్‌చున్ మాత్రం, కలుపుకున్న ప్రాంతాన్ని రెండుసార్లూ లెక్కలోకి తీసుకున్నా, కాస్త పెరిగింది. అది పీల్చేసిందంటారు ఒకరు, అది కూడా లేకపోతే ఇంకా పోయేవాళ్లంటారు ఇంకొకరు. నాకు తోచింది చెప్తాను: పోయిన 34 లక్షల మందిలో చాంగ్‌చున్‌కు చేరినవాళ్లు కొద్దిమందే. అక్కడ జననాలు పడిపోయాయి, పాత ప్రభుత్వ కర్మాగారాలు కుదేలయ్యాయి, జనం రాష్ట్రమే దాటిపోయారు. ఆ నెపమంతా రాజధాని మీద వెయ్యడం న్యాయం కాదు. కానీ చిన్న ఊరి బడి మూతపడుతున్నప్పుడు ఉన్న కాస్త డబ్బూ రాజధానిలో మెట్రోకు వెళ్తే, ఆ ఊరివాళ్లకు కోపం రావడంలోనూ అన్యాయం లేదు.

2022లో కేంద్ర ప్రణాళికా విభాగం పట్టణీకరణ పనుల పత్రంలో ఒక మాట పెట్టింది: రాష్ట్ర రాజధానుల విస్తరణను గట్టిగా అదుపు చెయ్యాలి, కౌంటీలను రద్దుచేసి నగరాల్లో కలిపే ముందు బాగా ఆలోచించాలి. హద్దులు జరిపే బదులు ఇప్పుడు ‘మహానగర వలయం’ అనే పద్ధతి ముందుకొచ్చింది. ఊళ్ల పాలన దేనిది దానిదే, రైళ్లు, ఆస్పత్రులు, ఉద్యోగాలు ఉమ్మడి. ఇలా కేంద్రం ఆమోదం పొందిన మొదటి వలయం, 2021 ఫిబ్రవరిలో, నాన్‌జింగ్‌ది. అందులో పొరుగు రాష్ట్రం అన్హుయ్ ఊళ్లు కూడా ఉన్నాయి. మాన్‌షాన్ నుంచి తమ రాజధాని హెఫెయ్ కన్నా నాన్‌జింగ్ దగ్గర. పొద్దున్నే పనికో, పెద్ద డాక్టరు దగ్గరికో ఆ ఊరివాళ్లు రాష్ట్రం హద్దు దాటి నాన్‌జింగ్‌కే వెళ్తారు. వాళ్ల కార్ల మీద ఉండేది మాత్రం అన్హుయ్ అక్షరమే, దాని పక్కన ‘ఇ’.